బోన్సాయ్‌కి ఏ చెట్టు? నల్లగొండ, పాలమూరు ఎండల్లో పెంచేవాళ్లకు

బోన్సాయ్, అంటే చెట్టును ట్రేలో చిన్నగానే ఉంచి పెద్ద చెట్టు ఆకారం తెచ్చే పని, మొదలుపెడదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ చెట్టు బాగుంటుంది అని. జవాబు చెప్పే ముందు నేను వాళ్లను ఒకటి అడుగుతాను, మే నెలలో మధ్యాహ్నం పూట మీ ఇంట్లో ఎవరుంటారు? ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లయితే ఒక చెట్టు, పొద్దంతా అమ్మనో అత్తమ్మనో ఉండే ఇల్లయితే ఇంకో చెట్టు, ఊళ్లో పొలం ఉండి వారానికోసారి పోయి చూసుకునేవాళ్లయితే మరొకటి. అందం సంగతి ఆ తర్వాత.

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు మహబూబ్‌నగర్, వనపర్తి, ఎక్కడైనా సరే మేలో 43, 44 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నేలలో ఉన్న చెట్టయితే వేర్లు కిందికి దింపి చల్లదనం వెతుక్కుంటుంది, ట్రేలో చెట్టుకు ఉన్నదంతా రెండు మూడు అంగుళాల మట్టి. స్లాబు మీద పెట్టిన నల్ల ప్లాస్టిక్ ట్రేను ఆ టైంలో ఒకసారి అంచు పట్టుకుని చూడండి, వెంటనే చెయ్యి తీసేస్తారు. లోపల సన్నటి వేర్లు ఆ వేడిలోనే ఉంటాయి. ఎండకు చెట్టు చచ్చిందంటారు గానీ చాలాసార్లు చచ్చేది ఆకులు కాదు, ఈ వేర్లే. అందుకే ఈ పోలిక మొత్తం నేను ఎండాకాలం వైపు నుంచే చెప్తున్నాను. మన దగ్గర చలికాలం ఏ చెట్టునూ పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ముందు జునిపర్ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే ఫోన్లో ఫొటోలు చూసి చాలామంది మొదట కొనేది దాన్నే. జునిపర్, పైన్, మేపుల్, ఇవన్నీ చలి దేశాల చెట్లు. శీతాకాలంలో కొన్ని నెలలు పెరుగుదల ఆపి నిద్రపోవాలి, ఆ నిద్ర లేకపోతే ఏటికేడు నీరసపడతాయి. అమెరికా నేషనల్ ఆర్బోరేటం అనే చెట్ల తోటలో యమాకి పైన్ అని ఒక బోన్సాయ్ ఉంది, 1625 నుంచి దాన్ని పెంచుతున్నారు, 1945లో హిరోషిమా మీద బాంబు పడిన రోజు ఆ ఊళ్లోనే యమాకి కుటుంబం నర్సరీలో ఉండి బతికింది, 1976లో ఆ కుటుంబం దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చింది. అంత గట్టి జాతి కూడా తనకు కావలసిన చలి దొరికిన చోటే అన్నేళ్లు బతికింది. మన నల్లగొండ స్లాబు మీద దానికి ఆ చలి దొరకదు.

నేనూ ఒక జునిపర్‌ను పోస్టులో తెప్పించుకున్నాను. మార్చి దాకా బాగానే ఉంది, ఏప్రిల్లో కూడా పచ్చగానే ఉంది, రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. నెలాఖరుకి ఏదో అనుమానం వచ్చి ఒక కొమ్మ మీద గోటితో గీరితే లోపల పచ్చ పొర లేదు, గోధుమ రంగు పొడి రాలింది. ఇంకో కొమ్మ గీరాను, అదీ అంతే. జునిపర్ చచ్చిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుందని అప్పటికి నాకు తెలియదు, ఆ రోజులన్నీ నేను చచ్చిన చెట్టుకే నీళ్లు పోశాను. మొదటి చెట్టుగా దాన్ని కొనొద్దు. బెంగళూరులో ఉన్న మీ తమ్ముడికి బతికిందంటే అది అక్కడి వాతావరణం.

మర్రి, జువ్వి, రావి

మన దగ్గర మొదటి చెట్టుగా నేను కళ్లు మూసుకుని చెప్పేది మర్రి జాతి. తప్పులు ఓర్చుకుంటుంది. నీళ్లు ఒక పూట మర్చిపోతే ఆకులు రాల్చేస్తుంది, మళ్లీ నీళ్లు పడితే చాలాసార్లు పది పదిహేను రోజుల్లో చిగుర్లు వేస్తుంది. కొమ్మ ఎక్కువ కొట్టేసినా పక్క నుంచి ఇంకోటి వస్తుంది. కోసినచోట పాలు కారతాయి, భయపడొద్దు, తడిగుడ్డ అద్దితే కాసేపటికి ఆగుతాయి.

అయితే ఈ జాతిలో అన్నీ ఒకటి కాదు. మర్రి ఆకు పెద్దది, చిన్న ట్రేలో అడుగు ఎత్తు చెట్టుకు అరచేయంత ఆకులుంటే అది చెట్టులా కాకుండా కొమ్మ గుచ్చినట్టు కనిపిస్తుంది, కాబట్టి మర్రి పెట్టాలంటే రెండున్నర మూడడుగుల చెట్టుకు, దానికి తగ్గ పెద్ద ట్రేకు సిద్ధపడాలి. ఊడలు కావాలని చాలామందికి ఆశ. మన పొడి గాలిలో అవి ఊరికే రావు, వానాకాలంలో కొమ్మకు తడి కొబ్బరి పీచు చుట్టి పైన ప్లాస్టిక్ కవర్ కడితే వచ్చే అవకాశం ఉంది. రావికి ఆకు కాడ పొడుగు, చివర తోక పొడుగు, ఎంత కత్తిరించినా ఒత్తుగా కనిపించదు, కానీ కొత్త చిగురు రాగి రంగులో మెరిసే ఆ పది రోజులు దాన్ని మించింది లేదు. ఇంట్లో రావి పెట్టొద్దని మీ పెద్దవాళ్లు అంటే వాళ్లతో గొడవ పడకండి, జువ్వి పెట్టుకోండి. నా ఓటు ఎలాగూ జువ్వికే. మర్రి కంటే ఆకు చిన్నది, మొదలు తొందరగా లావెక్కుతుంది, ఆకు రాల్చి చిగుర్లు వేసే తీరు చూడ్డానికి పండగలా ఉంటుంది.

నర్సరీల్లో వేర్లు దుంపల్లా ఉబ్బిన ఫైకస్ (మర్రి జాతి మొక్కే) కూడా అమ్ముతారు, జిన్సెంగ్ అంటారు. దాంట్లో కింది దుంప ఒక రకం, పైన అంటుకట్టిన కొమ్మలు ఇంకో రకం. అంటు కింద నుంచి వచ్చే చిగుర్లు ఎప్పటికప్పుడు తీసేయకపోతే రెండు రకాల ఆకులతో చెట్టు ఆగమైపోతుంది. బతకడానికి బాగా బతుకుతుంది, కానీ ఎన్నేళ్లు పెంచినా అది నిజమైన చెట్టు ఆకారానికి రావడం కష్టం, నాకైతే మనసు ఒప్పదు.

జువ్వి కోసం డబ్బులు పెట్టాల్సిన పని కూడా లేదు. పిట్టలు పండ్లు తిని రెట్ట వేసిన చోటల్లా, పాత గోడ పగుళ్లలో, మోరీల పక్కన, ఎండిపోయిన బావుల ఒరల్లో ఇవి మొలుస్తూనే ఉంటాయి. ఇంటివాళ్లను అడిగి తీసుకోండి, గోడ పాడు చేస్తుందని వాళ్లే పీకేయమంటారు. నా జువ్వి మా వీధి చివర మోరీ గోడలోది. వేళ్లతో లాగితే తెగుతుందని తెలిసి చిన్న ఉలి, సుత్తి తీసుకుపోయాను. పాత సున్నం కాబట్టి మెల్లగా గీకితే పొడిపొడిగా రాలింది. లోపల వేరు గుండ్రంగా లేదు, ఇటుక మీద అతుక్కుని నాడా లాగా చదునుగా పాకి ఉంది, బొటనవేలంత వెడల్పు. ఆ చదును వేరే ఇవాళ దానికి అందం, కొండ రాయిని పట్టుకున్నట్టు కనిపిస్తుంది. తీశాక ఆకులన్నీ కత్తిరించి, జల్లించిన మొరంలో నాటి, పైన పారదర్శకమైన కవర్ కప్పి మూడు వారాలు నీడలో ఉంచాను. అడవిలో మాత్రం తీయకండి, నల్లమల వైపు అమ్రాబాద్ అంతా పులుల అభయారణ్యం, అక్కడ మొక్క తీయడం నేరం.

మర్రి జాతి పెట్టేవాళ్లందరికీ ఒక మాట, కొమ్మలు వంచడానికి తీగ చుట్టడం మొదలుపెట్టే ముందు ఒక్కసారి మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి పోయి రండి. సుమారు 700 ఏళ్ల చెట్టు, మూడెకరాల దాకా పరుచుకుంది. ఏది అసలు మొదలో, ఏది ఊడ దిగి మొదలైందో తెలియదు. కొమ్మ నేలకు సమాంతరంగా పోయి, బరువుకు కొంచెం వంగి, మళ్లీ చివర పైకి లేచే తీరు చూసి ఫోన్లో ఫొటో తీసుకోండి, మన చెట్టుకు ఆ గీతే కావాలి. 2017 డిసెంబర్లో దాని పెద్ద కొమ్మ ఒకటి చెదలు తిని విరిగిపడింది, మరుసటి ఏడాది సెలైన్ బాటిళ్లతో చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించి కాపాడుకున్నారు. చెదలు మన ట్రేలను కూడా వదలవు, కుండీని నేరుగా మట్టి మీద పెట్టకుండా బల్ల మీదో ఇటుకల మీదో పెట్టమని చెప్పేది అందుకే.

చింత

మర్రి జాతికి గట్టి పోటీ చింతే. ఆకు పుట్టుకతోనే చిన్నది, బెరడు తొందరగానే ముసలి చెట్టులా పగుళ్లు వేస్తుంది, ఎండ దానికి కొత్త కాదు, బోరు నీళ్లలోని ఉప్పును కూడా మిగతావాటికంటే బాగా ఓర్చుకుంటుంది. సాయంత్రం చీకటి పడగానే ఆకులు ముడుచుకుంటాయి, మా పిల్లలు చింత నిద్రపోయింది అంటారు. ఏప్రిల్, మే నెలల్లో లేత చిగురు వేసినప్పుడు మా అమ్మ ట్రే పక్కన నిలబడి, "చిగురైతే మంచిగ వచ్చింది, పప్పులకు నాలుగు తెంపుకోవాల్నా?" అని అడుగుతుంది. చివర్లు ఎలాగూ గిల్లాల్సిందే కాబట్టి నేను వద్దనను.

చింతతో ఇబ్బంది టైము. గింజ నుంచి పెంచితే చూడదగ్గ మొదలు రావడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది, అదీ ట్రేలో ఉంచితే కాదు. చాలామంది చేసే తప్పు ఇదే, చిన్న మొక్కను తీసుకొచ్చి మొదటి రోజే ట్రేలో పెడతారు, పదేళ్లయినా అది పెన్సిల్ లావులోనే ఉంటుంది. మొదలు లావెక్కేది నేలలో. పొలం ఉన్నవాళ్లయితే గట్టు మీద నాటి, నాటేటప్పుడే తల్లివేరు కత్తిరించి వేర్ల కింద ఒక పలకరాయి వేసి, నాలుగేళ్లు హాయిగా పెరగనిచ్చి, ఆ తర్వాత తీసి కుండీలోకి మార్చండి. వారానికోసారి మాత్రమే ఊరికి పోయేవాళ్లకు ఇదే సరైన దారి. ముదిరిన చింత కొమ్మ వంగదు, విరుగుతుంది, కాబట్టి తీగ లేత కొమ్మలకే, మిగతా ఆకారం అంతా కత్తెరతోనే తేవాలి.

రెంటిలో ఏది అంటే, తొందరగా చేతులు పెట్టి నేర్చుకోవాలనుకునేవాళ్లకు జువ్వి, పదేళ్లు ఆగగలిగి ఒకే చెట్టును పిల్లలకు ఇద్దామనుకునేవాళ్లకు చింత. నీళ్లు తప్పే ఇంట్లో మాత్రం చింత వద్దు, ఒకసారి బాగా ఎండితే సన్నటి కొమ్మలు చివర నుంచి చచ్చిపోతాయి, ఆ కొమ్మలు మళ్లీ రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. జువ్వి అయితే అదే తప్పును ఒక సీజన్లో మర్చిపోతుంది.

పూలు కావాలంటే, ఇంట్లో ఎవరూ ఉండకపోతే

కాగితం పూల చెట్టు గురించి చెప్పకపోతే తప్పు. ఎవరైనా కాంపౌండ్ వాల్ కట్టడానికి పాత కాగితం పూల చెట్టు తీసేస్తుంటే ఆ మొద్దును వదలకండి, తొడంత లావు మొదలు ఉచితంగా దొరికినట్టే. అడుగు ఎత్తులో కోసి, వేర్లు వీలైనన్ని ఉంచి నాటితే వానాకాలంలో చాలావరకు బతుకుతుంది. వేర్లు కదిలిస్తే ఊరుకునే చెట్టు కాదు, రీపాటింగ్, అంటే కుండీ, మట్టి మార్చడం, మూడేళ్లకోసారి చాలు, చేసేటప్పుడు కూడా మట్టి ముద్దను పూర్తిగా విడదీయొద్దు. పూల కోసం ఎరువు మీద ఎరువు వేస్తారు, ఆకు వస్తుంది గానీ పువ్వు రాదు. ఆకులు కొంచెం వాడేదాకా నీళ్లు ఆపి అప్పుడు పోయండి, ఆరు గంటల ఎండ ఉండాలి, అప్పుడు రంగు వస్తుంది. కట్టె మెత్తది, కోసిన చోట కుళ్లుతుంది కాబట్టి పెద్ద గాయాల్లో నీళ్లు నిలవకుండా చూడాలి.

ఇద్దరూ డ్యూటీలకు పోయే ఇల్లయితే నా సలహా ఎడీనియం లేదా జేడ్. ఎడీనియం తన లావు మొదలులోనే నీళ్లు దాచుకుంటుంది, రెండు రోజులు మర్చిపోయినా ఏమీ కాదు, ఎండ ఎంతైనా తాగుతుంది. దాన్ని చంపేది ఎండ కాదు, మన ప్రేమ. వానాకాలంలో ముసురు పట్టిన వారం దాన్ని చూరు కిందికి మార్చకపోతే మొదలు మెత్తబడి కుళ్లిపోతుంది, చలికాలంలో ఆకులు రాల్చినప్పుడు పాపం అని నీళ్లు పోసినా అదే జరుగుతుంది. రీపాటింగ్ చేసినప్పుడల్లా దుంపను ఒక అంగుళం పైకి లేపి నాటండి, వేర్లు బయటపడుతూ వస్తాయి. కోసిన వేర్లు నీడలో నాలుగైదు రోజులు ఆరాకే నాటాలి. దాని పాలు విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు, పాకే పిల్లలున్న ఇంట్లో అందే ఎత్తులో పెట్టకండి. ఎడీనియం బోన్సాయే కాదనేవాళ్లున్నారు. నేను అట్లా అనను, పదేళ్ల ఎడీనియం మొదలు చూసినవాళ్లు ఎవరూ అనలేరు.

చిన్న పిల్లలుంటే, అపార్ట్‌మెంట్ బాల్కనీ అయితే జేడ్ తీసుకోండి. జేడ్ పేరుతో రెండు మొక్కలు అమ్ముతారు, పెద్ద మందపాటి ఆకులది ఒకటి, గోరంత గుండ్రటి ఆకులు, ఎర్రటి కాడలు ఉండేది ఇంకోటి. మనకు కావలసింది ఈ రెండోది, దక్షిణాఫ్రికాలో ఏనుగులు తినే మొక్క ఇది. విరిగిన కొమ్మను రెండు రోజులు ఆరబెట్టి గుచ్చితే బతుకుతుంది, ఆకులు కొంచెం ముడతపడ్డాక నీళ్లు పోస్తే చాలు.

మట్టి, నీళ్లు, కుండీ

ఏ చెట్టు ఎంచుకున్నా చెలక మట్టిని తెచ్చి అట్లే ట్రేలో నింపితే ఎండాకాలంలో ఇటుకలా గట్టిపడుతుంది, వానాకాలంలో బురదవుతుంది. జల్లించిన మొరం రెండు పాళ్లు, శనగగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇది మర్రి జాతికి, చింతకు సరిపోతుంది. ఎడీనియం, జేడ్‌లకు ఎరువు సగానికి తగ్గించి ఇటుక ముక్కలు పెంచండి. దుమ్ము పోయేదాకా జల్లించడం ముఖ్యం, దుమ్మే నీటి దారిని మూసేస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర దొరికే ఊక పచ్చిది కలపొద్దు, కాల్చినది కొంచెం కలపొచ్చు.

నల్లగొండ బోరు నీళ్ల సంగతి అందరికీ తెలుసు, ఫ్లోరైడ్ ఒకటే కాదు, ఉప్పు కూడా ఎక్కువ. కుండీ అంచున, మొదలు చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. వానాకాలంలో డ్రమ్ము నింపి పెట్టుకోండి, లేదంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోయండి. బోరు నీళ్లే దిక్కయితే వారానికోసారి అడుగు రంధ్రాల నుంచి బాగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

కుండీ పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండొంతులు, లోతు మొదలు లావంత, ఇది జపాన్ వాళ్ల లెక్క. ప్రదర్శనకు ఆ లెక్క బాగుంటుంది, కానీ మన ఎండాకాలానికి నేను లోతు ఒక అంగుళం పెంచుతాను. మామూలు మట్టి కుండీ చల్లగా ఉంటుంది, నీళ్లు తొందరగా ఇంకుతాయి, పింగాణీ ట్రే అందంగా ఉంటుంది కానీ వేడెక్కుతుంది. మార్చి మధ్య నుంచి జూన్ దాకా 50 శాతం గ్రీన్ నెట్ కింద, ట్రేలను తడి ఇసుక పోసిన టబ్బుల్లో సగం ముంచి పెట్టండి. పొద్దున, సాయంత్రం రెండు పూటలా నీళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రెండు వారాలు ఊరికి పోయే ప్రోగ్రాం పెట్టుకోకండి, తప్పదంటే పక్కింటివాళ్లకు చెప్పి పొండి.

వేర్లు కత్తిరించడం, కుండీ మార్చడం జువ్వికి మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక, చింతకు ఫిబ్రవరిలో కొత్త చిగురు రాకముందు. తీగ చుట్టేవాళ్లు వానాకాలంలో వారం వారం చూసుకోవాలి, జువ్వి ఎంత వేగంగా లావెక్కుతుందంటే నెల తిరక్కుండానే తీగ బెరడులోకి దిగుతుంది, ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. కొత్తవాళ్లకు అల్యూమినియం తీగ చాలు, కొమ్మ లావులో మూడో వంతు మందం ఉండేది.

ఇంట్లో ఎప్పుడు ఏది పెట్టాలి

జపాన్ వాళ్లు టోకోనోమా అనే గూట్లో ఒకే చెట్టు పెట్టి, పక్కన ఆ కాలానికి తగ్గ చిన్న గడ్డి మొక్కను ఉంచుతారు. మనకు గూడు లేకపోయినా ముందు గదిలో ఖాళీ గోడ ఒకటి చాలు. చెట్టు కూర్చున్నవాళ్ల కంటికి ఎదురుగా ఉండాలి, వెనక క్యాలెండర్, కర్టెన్ పూలు ఉండొద్దు. నాలుగైదు చెట్లు వరసగా పెడితే దేన్నీ ఎవరూ చూడరు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏ చెట్టయినా లోపల రెండు మూడు రోజులే, ఆ తర్వాత బయటికి. ఏసీ గదిలో వద్దు.

ఏడాది మొత్తం ఒకే చెట్టు అందంగా ఉండదు కాబట్టి కొనేటప్పుడే ఈ లెక్క వేసుకుంటే మంచిది. ఎండాకాలంలో కాగితం పూలు, ఎడీనియం చూడాలి. ఉగాది ముందూ వెనకా రావి, జువ్వి చిగురు. ఎండలు ముదిరాక లేత చింత, కానీ ఆ వేడిలో మధ్యాహ్నం అటూ ఇటూ మార్చకుండా సాయంత్రం పూట చుట్టాలు వచ్చినప్పుడు కాసేపు తేవడం మేలు. వానలన్నీ తాగి ఒత్తుగా తయారైన జువ్వికి బతుకమ్మ రోజులే సరైన కాలం. పోయినేడు దాని పక్కన చిన్న మట్టి మూకుట్లో రెండు గునుగు మొక్కలు నాటి పెట్టాను, చెలకల్లో ఊరికే మొలిచే గునుగే. వచ్చినవాళ్లందరూ ముందు గునుగును చూసి, ఆ తర్వాత తల పైకెత్తి జువ్విని చూశారు.

రెండు చెట్లకు చోటు, ఓపిక ఉంటే జువ్వి ఒకటి, ఎడీనియం ఒకటి తీసుకోండి, ఒకటి వానాకాలపు చెట్టు, ఒకటి ఎండాకాలపు చెట్టు. ఒక్కదానికే అయితే జువ్వి. కొనడానికి పోయేముందు తొలకరి పడిన వారం మీ వీధిలో పాత గోడలు ఒకసారి చూసి రండి, జేబులో చిన్న ఉలి, తడిపిన గోనెసంచి ముక్క పెట్టుకుని పొండి, తీసిన వేరు ఇంటికి వచ్చేలోపు ఆరకూడదు.